వణికే జీపుతో ఫిలింనగర్‌కి

హైదరాబాదు వెళ్లొచ్చానని తెలియగానే మా కడియంలో ప్రతివాళ్లూ అడిగింది ఒకటే. "ఏ హీరోని చూశావు?" ఎవర్నీ చూడలేదు బాబూ! జూబ్లీ హిల్స్‌లో, ఫిలింనగర్‌లో అన్ని రోజులు తిరిగి నేను చూసినవన్నీ జీపు కింద నుంచి బయటికి పొడుచుకొచ్చిన కాళ్లే. లావు కాళ్లు, సన్న కాళ్లు, గ్రీజు కాళ్లు. ఆ కాళ్ల తాలూకు మనిషి కాసేపటికి లేచి, గుడ్డతో చేతులు తుడుచుకుని, "ఇదేనమ్మా రోగం" అని తేల్చి చెప్పేవాడు. ఆ తర్వాత జీపు మళ్లీ వణికేది. కాబట్టి హీరోల సంగతి నన్నడగొద్దు. ఆ వణుకు సంగతి అడిగితే మాత్రం కూర్చోబెట్టి చెబుతాను.

కడియం

మాకు పూలమొక్కల నర్సరీ ఉంది. పేరుకి అది మా ఆయనది. మొక్కలకి ఎరువు కలిపేదీ, కూలీలతో తగువు పడేదీ, జీపు తోలేదీ మాత్రం నేనే. ఆ జీపు మా మామగారు కొన్నది. నాలుగు చక్రాలూ కలిసి లాగే బండి కావడంతో వానాకాలంలో లంకల బురదలోకి దిగినా గోదారి గేదెలా తాపీగా నడిచి బయటికి వస్తుంది. దాన్ని అమ్మేద్దామని మా ఆయన ఏడాదికోసారి అంటాడు. ముందు నన్నమ్మెయ్యి అంటాను నేను.

మా ఆయనకి ఒక్కడే తమ్ముడు, వీరబాబు. నేను కాపురానికొచ్చేటప్పటికి వాడు నిక్కర్లు వేసుకునేవాడు. అందుకే ఇప్పటికీ ఒరే అనే పిలుస్తాను. వాడు సినిమా అని పోయి ఫిలింనగర్‌లో జూనియర్ ఆర్టిస్టుగా స్థిరపడ్డాడు. జనంలో ఒకడు, కానిస్టేబుళ్లలో ఒకడు, పెళ్లి భోజనాల్లో ఒకడు. ఒకసారి శవం వేషం కూడా వేశాడు. ఇన్నేళ్లలో తెర మీద వాడి నోట ఒక్క మాట వచ్చింది లేదు. చూసి చూసి మా ఆయన కిందటేడు తేల్చి చెప్పేశాడు. "వచ్చే ఎండాకాలం అయ్యేలోపల ఒక్క డైలాగు చెప్పు, నీ ఇష్టం. లేదంటే సినిమాలకో దండం పెట్టి వచ్చి కుండీలు మొయ్యి." వీరబాబు సరేనన్నాడు.

ఎండాకాలం సగంలో వాడి ఫోను. "వదినా! డైలాగుంది!" ఎవరో ప్రొడక్షన్ మేనేజరు వాడి ఫోనులో మా జీపు ఫొటో చూశాడట. అలాంటి పాత జీపే కావాలట. జీపు తెస్తే అది తోలే డ్రైవరు వేషం వాడిదేనట. డ్రైవరికి ఒక క్లోజప్పు, ఒక డైలాగు. "భయపడకండమ్మా, ఇంటికి చేరుస్తాను." అంతే. ఆ అంతేని వాడు ఫోనులోనే నాలుగుసార్లు చెప్పి వినిపించాడు.

నేను బయల్దేరుతుంటే మా ఆయన జీపు కిటికీ పట్టుకుని నిలబడ్డాడు. "సుభద్రా, ఆ వేషం ఎలాగూ తేలేది కాదు. వచ్చేటప్పుడు జీపునీ వాణ్నీ ఇద్దర్నీ తీసుకొచ్చెయ్." సరేనని తల ఊపాను. మనసులో మాత్రం ఒప్పుకోలేదు. జీపుని కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టాను. అంతమంది కళ్లు పడే చోటికి వెళ్తోంది కదా అని మా పందిరి నుంచి ఒక బూడిద గుమ్మడికాయ కోసి వెనకసీటు కింద పెట్టాను, వెళ్లగానే దిష్టి తీసి కొట్టేద్దామని.

దారి గురించి చెప్పడానికి పెద్దగా లేదు. బెజవాడ దాటాక ఎండ. సూర్యాపేట దాటాక ఒక గొయ్యి. ఆ గోతిలో ముందు చక్రం దభీమని పడింది. నా నడుం పట్టేసింది కానీ జీపుకి ఏమీ కాలేదు. ఈ గొయ్యిని గుర్తుపెట్టుకోండి, దీని మీద ముందు ముందు చాలా అభాండాలు పడతాయి.

ఫిలింనగర్

ఫిలింనగర్ అనగానే మనవాళ్లు అద్దాల మేడలు ఊహించుకుంటారు. ఉన్నాయి, కాదనను. వాటి వెనకాల గుట్ట మీదికి ఎక్కే సందులూ ఉన్నాయి. ఆ సందుల్లో ఒక మేడ మీద గది మా వీరబాబుది. మెట్లు ఎంత నిటారుగా ఉన్నాయంటే నా ముందెక్కే మనిషి మడమలు నా ముక్కుకి తగిలాయి.

మా ఊళ్లో ఎవరైనా ఎదురుపడితే "భోజనాలయ్యాయా?" అంటాం. ఇక్కడ "రేపు వేషం ఉందా?" అంటారు. కూరగాయల బండి దగ్గరా అదే, నీళ్ల ట్యాంకరు దగ్గరా అదే. కింది వాటాలో భీమవరం ఆవిడ ఉంది. ఎన్నో సినిమాల్లో పెళ్లిళ్లకి పేరంటాలుగా వెళ్లింది. పట్టుచీరలు నాలుగు పెట్టుకుంటే చాలమ్మా, పని దొరుకుతుంది అంది. "సొంతింట్లో పెళ్లికి మాత్రం లీవు దొరకలేదు" అని పకపకా నవ్వింది. నేనూ నవ్వాను కానీ తర్వాత ఎందుకో కష్టంగా అనిపించింది.

వీధి చివర టిఫిను బండి దగ్గర పెసరట్టు తిన్నాం. మా కడియంలో పెసరట్టు ధర ఇక్కడ అల్లం పచ్చడికే అయ్యేటట్టుంది. పైగా ఆ పచ్చడిలో తీపి! వీరబాబు మాత్రం తినడం మానేసి డైలాగు చెప్పుకుంటూ కూర్చున్నాడు. "భయపడకండమ్మా..." అని ఒకసారి ప్రేమగా, ఒకసారి ధీమాగా, ఒకసారి ఎందుకో ఏడుస్తూ. బండతను పెనం మీంచి తల ఎత్తి, "రెండోదే బాగుంది గురువుగారూ" అన్నాడు. ఈ ఊళ్లో అట్లు పోసేవాడు కూడా డైరెక్టరే.

జూబ్లీ హిల్స్, బంగళా

షూటింగు ఒక బంగళాలో. ఇంటివాళ్లు దాన్ని సినిమాలకి కిరాయికిస్తారు. గేటు ముందు మా జీపు ఆపగానే మేనేజరు చంటిగారు ఎదురొచ్చాడు. మా వైపు మనిషే, అమలాపురం. మర్యాదగా దండం పెట్టాడు. సరే, శుభమా అని ముందు దిష్టి తీసేద్దామనుకుని నేను గుమ్మడికాయ బయటికి తీశాను. కర్పూరం వెలిగించి, మూడుసార్లు తిప్పి, నేలకేసి కొట్టడానికి పైకెత్తాను.

"అమ్మా! అమ్మా! ఆపండి!" చంటిగారు గెంతుకుంటూ వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. "కొంప ముంచేస్తున్నారండీ! మా దగ్గర కొబ్బరికాయ కొడితే సినిమా మొదలు. గుమ్మడికాయ కొడితే సినిమా అయిపోయినట్టు. ఇంకా సగం ఉంది. ఇది నిర్మాతగారు చూశారంటే నేను రేపు అమలాపురంలో ఉంటాను."

మా ఊళ్లో కొత్త బండి కొన్నా, కొత్త ఇల్లు కట్టినా ముందు గుమ్మడికాయే. ఇక్కడ అన్నీ తలకిందులు. సరే, ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి మాట అని కర్పూరం ఆర్పి గుమ్మడికాయని మళ్లీ సీటు కింద పెట్టేశాను. జీపుని వాళ్లకి అప్పగించి గదికి వెళ్లిపోయాం.

మర్నాడు పొద్దున వచ్చి చూద్దును కదా, పెళ్లికూతురిలా ముస్తాబు చేసి తెచ్చిన జీపు ఊబిలోంచి లాక్కొచ్చినట్టుంది. తలుపుల మీద మట్టి, చక్రాల నిండా మట్టి, బొట్ల మీద మట్టి. "ఎవడ్రా ఈ పని చేసింది?" అని అరిచాను. జీన్సు ప్యాంటు వేసుకున్న ఒక అమ్మాయి పరిగెత్తుకొచ్చింది. పేరు మేఘన, అసిస్టెంట్ డైరెక్టరు. "ఆంటీ, ఆంటీ, కూల్. అది ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్లు వేశారు. కథలో ఈ జీపు పల్లెటూరి నుంచి వానలో వస్తుంది." పల్లెటూరి నుంచి వచ్చిన జీపుకి పల్లెటూరి మట్టి హైదరాబాదులో పూశారు! ఆ అమ్మాయి వేలు చూపిస్తూ గట్టిగా చెప్పింది. "ప్లీజ్ ఆంటీ, షాట్ అయ్యేవరకూ ఈ మట్టి ఎవరూ టచ్ చెయ్యకూడదు. ఒక షాట్‌లో ఉండి ఇంకో షాట్‌లో లేకపోతే కంటిన్యుటీ పోతుంది." ఆంటీ అన్నందుకు ఒళ్లు మండింది కానీ, మరిది వేషం కదా, నోరు మూసుకున్నాను.

ముందు దూరం నుంచి ఒక షాటు. వీరబాబు జీపు తోలుకుంటూ కొండరోడ్డు దిగి వచ్చి బంగళా మలుపు తిరగాలి. బయల్దేరాడు. స్పీడు నలభై దాటిందో లేదో స్టీరింగు చలిజ్వరం వచ్చినట్టు గడగడా వణకడం మొదలెట్టింది. వాడి చేతులు వణికాయి, భుజాలు వణికాయి, బుగ్గలు వణికాయి. దూరం షాటు కాబట్టి అది ఓకే అయింది. వెంటనే పక్కన కెమెరా కట్టి క్లోజప్పుకి పోయారు. "భ...భ...భయప...డకం..." మానిటరు తెర మీద వాడి మొహం ఒకటి కాదు, మూడు కనిపించాయి.

డైరెక్టరు మంచాయనే, అరవలేదు. అదే ఎక్కువ భయం వేసింది. చంటిగారిని పిలిచి నెమ్మదిగా చెప్పాడు. "ఆ వణుకు పోతే ఎల్లుండి క్లోజప్ తీద్దాం. పోకపోతే బండి మార్చెయ్. బండితో పాటు డ్రైవరు కూడా మారతాడు, దాని ఓనరే తోలుతాడు." వీరబాబు నా వైపు చూశాడు. కుండీలు వాడి కళ్ల ముందు వరసగా కనిపిస్తున్నట్టున్నాయి.

గేటు బయట సభ

జూబ్లీ హిల్స్‌లో నాకు నచ్చిన ఒక సంగతి చెప్పాలి. ఇక్కడ ఇళ్ల యజమానులు ఒకరికొకరు తెలియదు గానీ వాళ్ల డ్రైవర్లందరూ చుట్టాలే. ప్రతి వీధి మూలా ఒక చెట్టు నీడ, ఒక చాయ్ బండి, దాని చుట్టూ తెల్లచొక్కా డ్రైవర్లు. మా జీపు కథ తెలిసి అందరూ వచ్చి చుట్టూ మూగారు. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అంటారు, ఇక్కడ అడక్కుండానే చెబుతున్నారు.

"స్టీరింగు బాక్సు పోయిందండీ" అన్నాడు ఏలూరు డ్రైవరు. "చాసీసు వంగిందేమో" అన్నాడు ఇంకొకాయన. బంగళా వాళ్ల డ్రైవరు యాదగిరి మాత్రం అందర్నీ పక్కకి తోసి, జీపు కిందికి దూరి, కాళ్లు ఒక్కటే బయట పెట్టి చాలాసేపు ఉన్నాడు. లేచి గంభీరంగా, "ముందు చక్రం తిరిగే కీలు, గదే కింగ్ పిన్ను, ఖతమైందమ్మా" అన్నాడు. "తొవ్వల గుంతల ఏమన్న పడ్డదా?" సూర్యాపేట దగ్గర పడిందన్నాను. "గదే! గదే మరి! నేను జెప్పలే?" అని చుట్టూ చూశాడు. అందరూ తలలూపారు. గొయ్యిదే తప్పని తీర్మానం జరిగిపోయింది.

"ఫికర్ జేయకు అమ్మా, మా సార్ ఊర్ల లేడు, నేను ఖాళీనే ఉన్న. నడు, నేనే తీస్కపోత" అన్నాడు యాదగిరి. ఆయనకి పాత జీపుల మీద ప్రేమ. పెద్ద కారులో ఏసీ వేసుకుని మూసుకున్న గేటు ముందు కూర్చుని కూర్చుని విసుగొచ్చిందట. దారి పొడవునా స్టీరింగు వణుకుతుంటే ఆయన మొహం మాత్రం వెలిగిపోయింది.

ఎర్రగడ్డ

"ముందుగాల ఎర్రగడ్డ పోదాం" అన్నాడు యాదగిరి. ఎర్రగడ్డ అనగానే మా వైపు వాళ్లకి అక్కడి పిచ్చాసుపత్రే గుర్తొస్తుంది. నన్నే అంటున్నాడా అని ఒకసారి ఎగాదిగా చూశాను. కాదు, తెలిసినాయన టైర్ల షాపు ఉందట.

మెట్రో కింద ఆ కూడలిలో జనం, ఆటోలు, జామకాయల బండ్లు. మా కడియం జామకాయ ఇక్కడికొచ్చి ఇంత ఖరీదైందా అనుకున్నాను. ఒకటి కొని కొరికితే మనది కాదు, రుచే లేదు. బండివాడితో ఆ సంగతి చెబితే "అయితే తినకండ్రి" అన్నాడు. న్యాయమే.

టైర్ల షాపాయన చక్రాలకేసి చూసి పైపు తీశాడు. "ఫస్ట్ గీ మట్టి గడుగుదాం."

నేను చక్రానికి అడ్డంగా నిలబడ్డాను. "అయ్యో బాబూ! ఆ మట్టి ముట్టుకోకండి!"

"మట్టి ముట్టకుంట టైరెట్ల జూడాలె?"

"ఏమో నాకు తెలీదు. ఆ మట్టి పోతే మా వాడి వేషం పోతుంది."

ఆయన నా వైపు చూసి, ఆ ఆసుపత్రి ఉన్న దిక్కు చూసి, మళ్లీ నా వైపు చూశాడు. యాదగిరి కంటిన్యుటీ అంటే ఏమిటో చెయ్యి తిప్పుతూ వివరించాడు. సినిమా అన్న మాట వినగానే ఆయన మొత్తబడ్డాడు. పైపు పక్కన పెట్టి, మట్టికి తగలకుండా టైర్లు తడిమి, "టైర్లు మంచిగనే ఉన్నయి, గాలి ఎక్కువుంది" అని గాలి తగ్గించి పంపేశాడు. తిరుగు దారిలో నలభైకి రాగానే మళ్లీ గడగడ.

గదికొస్తే వీరబాబు అద్దం ముందు లేడు. మంచం మీద ముడుచుకుని పడుకుని ఉన్నాడు. "వదినా, నేను కడియం వచ్చేస్తాలే" అన్నాడు. "ఎన్ని కుండీలైనా మోస్తాను. కానీ ఈ డైలాగు ఇంకెవడో చెప్తుంటే మాత్రం చూడలేను." నాకు కోపం, జాలి రెండూ ఒకేసారి వచ్చాయి. కోపమే ముందు బయటపడింది. "లేచి అన్నం తిను వెధవా, జీపు నాది, దాని జ్వరం సంగతి నేను చూస్తాను" అన్నాను. ఎలా చూస్తానో నాకే తెలియదు.

టోలిచౌకి

మర్నాడు యాదగిరి టోలిచౌకి తీసుకెళ్లాడు. పాత జీపులకి ఆ చుట్టుపక్కల ఖాదర్ భాయ్‌ని మించినవాడు లేడట. గోల్కొండ కోట వెళ్లే దారిలో ఒక సందు, అందులో షెడ్డు. ఖాదర్ భాయ్ లావుగా, నవ్వుతూ, చెయ్యి కంటే నోరు ఎక్కువ పనిచేసే మనిషి. ముందు చాయ్ తాగిస్తేనే గానీ జీపు వైపు చూడలేదు. ఆ ఇరానీ చాయ్ మీగడలా చిక్కగా ఉంది. మా ఊరి టీ దాని ముందు కడుగునీళ్లే, ఒప్పుకుంటున్నాను. ఉస్మానియా బిస్కెట్లు కూడా ఇంటికి కట్టించుకున్నాను.

జీపు ముందుభాగం జాకీ మీదికెత్తి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాడు. కదల్లేదు. "కింగ్ పిన్ను బరాబర్ ఉంది" అన్నాడు. యాదగిరి మొహం మాడిపోయింది. పక్కలు పట్టుకుని ఊపితే కొంచెం లూజు తగిలింది. రెండు చక్రాల్నీ కలిపే కడ్డీ చివర జాయింటు అరిగిందట. మార్చాడు. చక్రాలు తిన్నగా ఉన్నాయో లేదో దారం కట్టి చూశాడు. మట్టి జోలికి మాత్రం పోనివ్వలేదు నేను, కాపలా కుక్కలా పక్కనే కూర్చున్నాను. రోడ్డు మీదికి తీశాం. నలభై. గడగడ.

"అజీబ్ బండి అమ్మా నీది!" అని ఖాదర్ భాయ్ తల గోక్కున్నాడు. "జర ఆగు, ఇంకో పని చేస్త." ముందు చక్రాలు వెనక్కి, వెనక చక్రాలు ముందుకి మార్చాడు. మళ్లీ తోలి చూశాం. ఆశ్చర్యం! స్టీరింగు నిలకడగా ఉంది. కానీ ఇప్పుడు సీటు వణుకుతోంది. వెనక కూర్చున్న యాదగిరి పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. "దొరికిండు దొంగ!" అని అరిచాడు ఖాదర్ భాయ్. "స్టీరింగుల లేదు, చక్రంల ఉంది. ఒక దిక్కు బరువెక్కువైంది. ఫ్యాను రెక్క ఒకటి బరువుంటే ఫ్యాను ఊగదా, గట్ల." కానీ ఏ చక్రంలో, ఎక్కడ బరువో చూడాలంటే చక్రం కడగాలి. కడగనివ్వను కదా నేను!

మేం అలా వాదులాడుకుంటూ ఉండగానే ఎండాకాలపు వాన ఒకటి ఉరుములతో దిగింది. నేను గొడుగు లాక్కుని వెనక చక్రం ఒకదాని మీద పట్టాను, మట్టి కరిగిపోకుండా. ఖాదర్ భాయ్, యాదగిరి షెడ్డులోంచి నన్ను చూసి నవ్వుతున్నారు. గాలికి గొడుగు తిరగబడింది. వాన నేరుగా చక్రం మీద పడింది. అయిపోయింది, వీరబాబు వేషం కరిగి కాలవలో పోతోంది అని చూస్తూ నిలబడ్డాను.

కరగలేదు. నేను పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ మట్టిలోనే ఉన్నాను. ఎర్రమట్టి, ఒండ్రుమట్టి, పెంటమట్టి అన్నీ చేత్తో పిసికి చెప్పగలను. తడిస్తే మెత్తబడని మట్టి ఉంటుందా ఎక్కడైనా? కొప్పులోంచి పిన్ను తీసి గీశాను. పిన్ను వంగింది. వంగి చక్రం లోపలి వైపు చెయ్యి పెట్టి తడిమాను. కొబ్బరికాయంత ముద్ద! రాయిలా గట్టిపడి రిమ్ముకి కరుచుకుని ఉంది.

అది మట్టి కాదు. రంగు కలిపిన సిమెంటూ జిగురూను. ఆ ఆర్ట్ డిపార్ట్‌మెంట్ మహానుభావుడెవడో బకెట్టులో మిగిలిందంతా ఒక చక్రం మీద కుమ్మరించి వెళ్లిపోయాడు. అది లోపలికి కారి అక్కడే గడ్డకట్టింది. పిల్లని చంకలో పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఇదే. పైగా ఆ పిల్లని ఎవరూ ముట్టుకోకుండా నేనే గొడుగు పట్టి మరీ కాపాడాను! సూర్యాపేట గొయ్యికి మనసులో క్షమాపణ చెప్పుకున్నాను.

లోపలి ముద్దని ఖాదర్ భాయ్ ఉలితో కొట్టి తీశాడు. కెమెరాకి కనిపించే బయటి మట్టిని అలాగే ఉంచాం. మళ్లీ తోలాను. నలభై, యాభై, అరవై. జీపు నూనె రాసినట్టు వెళ్తోంది. నేను గట్టిగా కేక పెట్టాను. పక్కన బస్సులోంచి జనం తొంగిచూశారు, నాకేం సిగ్గు? ఆ రోజు ముగ్గురం బిర్యానీ తిన్నాం. మా ఊరి పలావులో మసాలా ముందు నాలికకి తగులుతుంది, ఇక్కడి బిర్యానీలో ముక్కుకి తగులుతుంది. రెండూ మంచివే. సిమెంటు ముద్దని మాత్రం గోనెసంచిలో వేసి జీపులో పెట్టుకున్నాను, ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాడి నెత్తిన పెట్టడానికి.

మళ్లీ బంగళా

చెప్పిన రోజు పొద్దున్నే బంగళాకి చేరాం. వీరబాబు జీపు తోలుతుంటే స్టీరింగు పాలు పోసినా తొణకనట్టుంది. చంటిగారు నాకు రెండు చేతులా దండం పెట్టాడు. అప్పుడు మేఘన తన టాబ్‌లోకి చూసి, జీపు చూసి, మళ్లీ టాబ్ చూసి, "సార్! కంటిన్యుటీ!" అంది.

మొన్న దూరం నుంచి తీసిన షాటులో స్టీరింగు వణుకుతోందట. చేతులు, భుజాలు అన్నీ వణుకుతున్నాయట. ఇప్పుడు దగ్గరి షాటులో వణక్కపోతే అతకదట. డైరెక్టరు టాబ్ చూసి గడ్డం గీరుకున్నాడు. నా వైపు తిరిగి, "అమ్మా, ఆ వణుకు మళ్లీ తెప్పించగలరా?" అన్నాడు.

నా నోటికి ఏమొచ్చిందో అదే అనేశాను. "పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నాడట వెనకటికెవడో! రెండు రోజులు ఊరంతా తిరిగి, వానలో తడిసి, ఆ వణుకు పోగొట్టుకొస్తే, మళ్లీ కావాలా మీకు? ఆ ముద్ద సంచిలోనే ఉంది, ఎవడు పూశాడో వాణ్నే పిలవండి, వాడి నెత్తికి చుడతాను!" వీరబాబు కళ్లు మూసుకున్నాడు. డైరెక్టరు మాత్రం విరగబడి నవ్వాడు. "ముద్ద వద్దులెండి. జీపు ఆపేసి, చేత్తో ఊపుదాం."

అదన్నమాట సినిమా. కదలని జీపు ముందు కెమెరా పెట్టారు. కిటికీ వెనక నుంచి ఇద్దరు మనుషులు కొమ్మలు పట్టుకుని పరిగెత్తుతుంటే చెట్లు వెనక్కి పోతున్నట్టుంటుందట. జీపు ఊపడానికి యాదగిరి, చంటిగారు, సిమెంటు పూసిన మహానుభావుడు నిలబడ్డారు. వాళ్లు ఊపుతుంటే జీపు పడవలా ఊగుతోంది. నాకు ప్రాణం ఆగలేదు. "అలా కాదయ్యా! ఊగకూడదు, వణకాలి! ఆ వణుకు ఎలా ఉంటుందో నాకంటే ఎవరికి తెలుసు? తప్పుకోండి!" కొంగు దోపుకుని ముందు చక్రం పక్కన కూర్చుని, బంపరు పట్టుకుని తాళం చెప్పాను. "ఇలా. చిన్నగా. వేగంగా."

మొదటి టేకులో వీరబాబు కర్రలా కూర్చున్నాడు. పాపం, ఇన్నేళ్లూ వాడికి నేర్పింది ఒకటే, వెనకాల నిలబడి నటించకుండా ఉండమని. "చేతులు వణకాలి బాబూ" అన్నాడు డైరెక్టరు. రెండో టేకులో చేతులూ వణికాయి, గొంతూ వణికింది. "భ...భయప..." కట్ అన్నారు. చంటిగారు వాచీ చూసుకున్నాడు. ఆ చూపు నేను చూశాను, వీరబాబూ చూశాడు.

చక్రం పక్కనుంచి అరిచాను. "ఒరే వీరబాబూ! జీపు ఊపుతున్నది నేనురా! నేను ఊపితే నీ గొంతెందుకురా వణుకుతుంది?"

వాడు తల వంచి కిందికి చూశాడు. మోకాళ్ల మీద, కొంగు దోపుకుని, బంపరు పట్టుకుని ఊపుతున్న నన్ను. యాక్షన్ అన్నారు. వాడి చేతులు స్టీరింగు మీద గడగడా వణికాయి. మొహం మాత్రం నిశ్చలంగా ఉంది. నా వైపే చూస్తూ, పెసరట్ల బండతనికి నచ్చిన ఆ ధీమాతో, "భయపడకండమ్మా, ఇంటికి చేరుస్తాను" అన్నాడు.

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఊపడం మాత్రం ఆపలేదు. ఓకే అని డైరెక్టరు రెండుసార్లు చెప్పాక యాదగిరి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "అయిపోయిందమ్మా, ఇగ ఇడ్సిపెట్టు."

ఆ మధ్యాహ్నం యూనిట్ భోజనంలో వీరబాబుకి కుర్చీ వేశారు. ఇన్నాళ్లూ నిలబడి తినేవాడట. మేఘన నాకు స్వయంగా పెరుగు తెచ్చిచ్చి ఆంటీ అంది. ఈసారి ఒళ్లు మండలేదు.

బయల్దేరే ముందు గుమ్మడికాయ గుర్తొచ్చింది. షాటు అయిపోయింది, వాడి వేషం అయిపోయింది, ఇప్పుడు దిష్టి తీసి కొడితే తప్పేముంది? ఫిలింనగర్ మెట్ల కింద కాయ పైకెత్తాను. వీరబాబు గబుక్కున లాక్కుని గుండెలకి హత్తుకున్నాడు. "ఇప్పుడే కొట్టకు వదినా. ఇది నా దగ్గర ఉండనీ." వాడు కాయ చంకలో పెట్టుకుని ఆ నిటారు మెట్లెక్కి వెళ్లిపోతుంటే కనిపించినంతసేపు చూశాను.

కడియం

ఇంటి ముందు జీపు ఆపగానే మా ఆయన బయటికొచ్చాడు. ముందు చక్రాల మీద గడ్డకట్టిన సిమెంటు మట్టిని వేలితో కొట్టి చూసి ఆశ్చర్యపోయాడు. తర్వాత పక్కసీటులోకి చూశాడు. వెనకసీటులోకీ చూశాడు. ఉస్మానియా బిస్కెట్ల డబ్బా తప్ప ఎవరూ లేరు.

"వాడేడీ?"

"రాలేదు."

ఆయన సీటు కిందికి వంగి వెతికాడు. "దిష్టి గుమ్మడికాయ కొట్టేశావా?"

"లేదు. వాడి దగ్గరే ఉంది."

"అదేంటి, కొట్టలేదా?"

"అయిపోతే కదండీ కొట్టేది!" అని బిస్కెట్ల డబ్బా ఆయన చేతిలో పెట్టి, కాళ్లు కడుక్కోవడానికి లోపలికి వెళ్లాను.